ట్యాంకరు వంతు, జహరాబీ సముద్రం

గొట్టం నాగేంద్రా, మొదటి ముద్దాయివి నువ్వే. ఐదు రోజులకొకసారి తేవలసిన ట్యాంకరును నీ ఇష్టం వచ్చినప్పుడు తెచ్చి, ఇరవై రెండేళ్ల తర్వాత సముద్రం చూడబోతున్న ఒక సంసారాన్ని నిలువునా రెండు ముక్కలు చేశావు. ఒక ముక్క కొత్తపట్నం ఒడ్డున గంతులేసింది. రెండో ముక్క, అంటే నేను, నీలం రంగు డ్రమ్ముకు కాపలా కాసింది.

రెండో ముద్దాయి కొండలరావు. మా పలకలపేట నీటి సాధన సమితికి ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడి ఇంటి ముందే టెంటు వేసి కూర్చున్న ఉపాధ్యక్షుడు ఇంకెక్కడైనా ఉంటే చూపించండి, దండ వేసి వస్తాను.

మూడో ముద్దాయి పేరు ఇప్పుడే రాయను. పక్క గదిలో కుట్టుమిషను తొక్కుతోంది. ఆ చప్పుడు ఆగిందంటే ఈ కాగితాన్ని పరుపు కింద దాచాలి.

ఆ సమితికి అధ్యక్షుణ్ణి నేను, హజరత్ వలిని. ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాణ్ణి. ఇప్పుడు మైకు ఆటో నడుపుతాను. పెళ్లి, చావు, తప్పిపోయిన మేక, ఏదైనా సరే, మా పేటలో నా ఆటో అరిస్తేనే అది జరిగినట్టు. మా పేట మార్కాపురాన్ని ఆనుకునే ఉంటుంది. నీళ్ల పైపుకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అందుకని ట్యాంకరే మాకు వాన, ట్యాంకరే మాకు చెరువు.

ట్యాంకరుకు ఒక నియమం ఉంది. ఇంటికి రెండు డ్రమ్ములు. ఆ డ్రమ్ముల పక్కన ఆ ఇంటి పెద్దవాళ్లలో ఒకరు నిలబడి ఉండాలి. మనిషి లేకపోతే నీళ్లు లేవు. పక్కింటివాళ్లు పట్టిపెట్టకూడదు. చేతికి డ్రమ్ము అందనంత దూరం పోతే వంతు పోయినట్టే. నాలుగేళ్ల కిందట కొండలరావు ఊళ్లో లేని చుట్టాలందరి పేరూ చెప్పి పన్నెండు డ్రమ్ములు నింపుకుంటుంటే, పదకొండు రోజులు టెంటు వేసి ఈ నియమం సాధించింది ఎవరో కాదు, నేనే. గెలిచిన రోజు నన్ను భుజాల మీద మోశారు. దించేటప్పుడు కొండలరావే దించాడు. కాస్త ఎత్తు నుంచే దించాడు.

ఇక సముద్రం సంగతి. నిఖా అయిన మూడో రోజు మా జహరాబీ ఒకే ఒక్క కోరిక కోరింది. సముద్రం చూడాలంది. పది రోజుల్లో చూపిస్తానన్నాను. పదో రోజు కూలి రేట్ల సమ్మె మొదలైంది. ఆ తర్వాత రోడ్డు కోసం, బస్సు కోసం, నీళ్ల కోసం, మళ్లీ నీళ్ల కోసం. కూతురు పుట్టింది, పెరిగింది, గిద్దలూరులో కాపురానికి పోయింది. సముద్రం మాత్రం ఉన్నచోటే ఉంది.

పోయిన వారం జహరా ఒక పెళ్లివాళ్ల జాకెట్లన్నీ కుట్టి ఇచ్చేసి, మిషను మీద గుడ్డ కప్పి, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"శని ఆదివారాలు మిషనుకు సెలవు. నన్ను సముద్రం కాడికి తీసకపో."

"ఈ వారమా? ఈ వారం కొంచెం..."

"ఇరవై రెండేండ్ల నుంచి నువ్వు నీళ్ల కోసం కొట్లాడతనే ఉండావు. యాడో ఒకచోట నీళ్లు ఉండాయంట గదా, అవన్నా ఒకసారి చూపించు."

కలెక్టరు ముందు కూడా నేను ఇంత తొందరగా లొంగలేదు.

"సరే, పోదాం. తక్కువ ఖర్చులో పోదాం."

"ఎట్లన్నా పోదాం. మనిద్దరమే పోదాం. జెండా ఉండగూడదు, మైకు ఉండగూడదు, నీ సంఘం గాలి గూడ తగలగూడదు."

"నా మీద ఒట్టు."

"నీ మీద వద్దు. అది ఎప్పుడో అరిగిపోయింది. కొత్తది ఏదన్నా చూడు."

నేను కూర్చుని ప్రణాళిక వేశాను. మార్కాపురం, పొదిలి, చీమకుర్తి, ఒంగోలు, కొత్తపట్నం. రాత్రికి అక్కడ పడక. మర్నాడు ఒడ్డు వెంబడే చీరాల వాడరేవు. తిరిగి ఇంటికి. బండి మన ఆటోనే. డీజిలు మాత్రం నాది కాదు. పశువుల దాణా దుకాణం సుబ్బులక్కది. దారి పొడవునా ఆమె దాణా గురించి మైకులో చెప్తే డీజిలు ఆమే పోయిస్తానంది. మైకు ఉండకూడదని జహరా అన్న మాట నిజమే. కానీ మైకు ఆటోకే బిగించి ఉంటుంది కదా, పీకి ఎక్కడ పెడతాం? అలా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మర్నాడు జహరా బయటికి వచ్చి ఆటో వెనక వైపు చూసింది.

"ఏమయ్యా, ఇదేంది?"

"గేదె."

"గేదె అని నాకూ తెల్సు. మన ఆటో మీద ఎందుకుండాది?"

"అది బొమ్మే. మనతో తిండికి రాదు."

ఆటో వెనక పూర్తిగా కప్పేలా సుబ్బులక్క ఒక బ్యానరు కట్టించింది. అందులో ఒక గేదె పళ్లన్నీ చూపిస్తూ నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలతో: 'సుబ్బులు దాణా. తిన్న గేదె వేరే గడ్డి వంక చూడదు.'

"ఇరవై రెండేండ్లకు మొగుడూ పెండ్లాం సముద్రానికి పోతుంటే నడుమ ఈ గేదె ఏందయ్యా?"

"నడుమ ఎక్కడుంది? వెనకాల ఉంది."

"వెనకొచ్చే లారీ వాళ్లు ముందు గేదెను చూసి, తర్వాత నన్ను చూసి, ఏమనుకుంటారు?"

దీనికి ఏ జవాబు చెప్పినా ప్రాణానికే ముప్పని గ్రహించి, తిండి సంగతి ఎత్తాను.

"హోటళ్లు వద్దులే జహరా. సజ్జరొట్టెలు కాల్చు, చింతకాయ తొక్కు పెట్టు. రెండు రోజులు నిలవుంటాయి."

"సముద్రం కాడ కూచోని సజ్జరొట్టె తినాల్నా?"

"ఏం, సజ్జరొట్టె సముద్రం చూడగూడదా?"

"మరి చేపలు?"

"చూద్దాం."

"చూసేదానికి కాదు, తినేదానికి అడుగుతుండా."

"చూస్తే సగం తిన్నట్టే."

"అట్లయితే ఈ రోజు నుంచి నీకు కూర చూపించి లోపల పెడతా."

ఆమె రొట్టెలు కాలుస్తుంటే నేను ఇరవై లీటర్ల క్యాన్లు మూడు తెచ్చి ఆటోలో పెట్టాను. ఆమె రొట్టె చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"సముద్రానికి నీళ్లు మోసుకపోతుండావా?"

"అవి ఉప్పు నీళ్లు."

"ఒంగోల్లో నీళ్లు దొరకవా?"

"దొరుకుతాయి. కొనాల."

మా ప్రాంతపు వాడెవడైనా ఇల్లు వదిలితే ముందు నీళ్లు ఎక్కిస్తాడు, తర్వాతే పెళ్లాం పిల్లల్ని ఎక్కిస్తాడు. చోటు చాలకపోతే ఎవరు దిగాలో కూడా అందరికీ తెలుసు.

ఇంతవరకు బాగానే ఉంది. నేను ఆమెకు చెప్పని సంగతి ఒకటి ఉంది. పొదిలిలో టిఫిను, ఒంగోలులో భోజనం, కొత్తపట్నంలో పడక, వాడరేవులో మళ్లీ భోజనం, అన్నీ ఉచితంగా ఏర్పాటు చేశాను. ఆ ఊళ్లలో మన పోరాట మిత్రులున్నారు. ఊరికే పెట్టరు కదా. "వస్తనే ఉండావు గదన్నా, ఒక పది నిమిషాలు మాట్లాడిపో" అన్నారు. పొదిలిలో ఒక సభ, ఒంగోలులో ఒక సభ, వాడరేవులో ఒక సభ. మూడే మూడు సభలు, అవీ చిన్నవి. వాటి కోసం మూడు వందల కరపత్రాలు అచ్చు వేయించి, సంచిలో అడుగున పెట్టి, పైన రొట్టెల డబ్బా పెట్టాను.

గురువారం సాయంత్రం తొక్కు సీసా పెట్టడానికి ఆమె ఆ డబ్బా ఎత్తింది.

"రొట్టెల కింద ఏందివి?"

"కాగితాలు. ఉప్పుగాలికి రొట్టెలు మెత్తబడకుండా."

ఆమె ఒకటి తీసి, కళ్లజోడు పెట్టుకుని, గట్టిగా చదివింది. "పొదిలిలో శనివారం ఉదయం ఎనిమిది గంటలకు బహిరంగ సభ. వక్త హజరత్ వలి." కళ్లజోడు తీసింది. "రొట్టెలు వింటాయనా, సభ?"

"జహరా, పది నిమిషాలే..."

"నీ పది నిమిషాలు నాకు తెల్సు. పోయిన ఉగాదికి మొదలుపెట్టిన పది నిమిషాలు ఇంకా నడుస్తనే ఉండాయి."

అంతటితో ఆమె ఆ మాట వదిలేసింది. గొడవ పడలేదు. నేను భయపడాల్సింది అక్కడే. కానీ నా భయమంతా అప్పటికే ట్యాంకరు మీద ఖర్చయిపోయింది.

ఎందుకంటే బుధవారం రావలసిన ట్యాంకరు రాలేదు. గురువారం కూడా రాలేదు. శనివారం వస్తే? ఇంట్లో ఇద్దరమే. ఇద్దరం దారిలో ఉంటే డ్రమ్ముల దగ్గర మనిషి ఉండడు. మనిషి లేకపోతే నీళ్లు లేవు. నేనే పెట్టిన రూలు.

అందుకే ఆ గురువారం మధ్యాహ్నమే, జహరా ఇంకా డబ్బా ఎత్తకముందే, నేను గొట్టం నాగేంద్ర దగ్గరికి పోయి వచ్చాను. ట్యాంకరు కాంట్రాక్టరు అతను. పెళ్లికి వచ్చినా భుజాన ఆ రబ్బరు గొట్టం చుట్టుకునే వస్తాడు, అందుకే ఆ పేరు. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"వలన్నా, టెంటు మాత్రం వెయ్యొద్దు. బోరు మోటరు కాలింది. శనివారం పొద్దున్నే తెస్తా. మా అమ్మ తోడు."

"శనివారం వద్దు."

"అంతకన్నా ముందు నావల్ల కాదన్నా!"

"ముందు ఎవడు తెమ్మన్నాడు? సోమవారం తే."

అతను నా వెనక జనం ఉన్నారేమోనని రోడ్డు దాకా పోయి చూసి వచ్చాడు. నా నుదురు పట్టుకుని చూశాడు.

"జ్వరం లేదే. అన్నా, ఇన్నేండ్ల నా యాపారంలో నీళ్లు వద్దని వచ్చినోళ్లు ఎవరూ లేరు."

"ఇప్పుడు వచ్చినాడు గదా. సోమవారం."

అతను సంతోషం పట్టలేక నాకు టీ తెప్పించాడు. నేను తాగాను. ఆ టీ నా పోరాట జీవితంలో మచ్చ. చక్కెర కూడా ఎక్కువైంది.

సాయంత్రం ఆ కరపత్రాల పంచాయతీ ముగిశాక, ఆమెను సంతోషపెడదామని ఈ సంగతి చెప్పాను. ట్యాంకరు సమస్య పరిష్కరించేశాను, సోమవారం దాకా రాదు, హాయిగా పోదాం అన్నాను.

ఆమె వీధి వైపు చేయి చూపించింది.

"పేటలో ఎవరింట్లో ఎన్ని నీళ్లు ఉండాయో తెల్సునా నీకు?"

"మన డ్రమ్ములో సగం ఉండాయి గదా."

"పక్కింట్లో మల్లి పొద్దున బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెలు తోమింది. ఎనకింటి ముసలామె స్నానం చేసి నాలుగు దినాలైంది. వాళ్లందరినీ ఎండబెట్టి నువ్వు నాకు సముద్రం చూపిస్తావా?"

"రెండు దినాలే. త్యాగం అనుకోవాల."

"ఎవరి త్యాగం?"

నాకు గబుక్కున ఆటోకు గాలి చూడాలని గుర్తొచ్చింది. బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి జహరా ఇంట్లో లేదు. మల్లి ఇంట్లోంచి మాటలు వినిపించాయి. మల్లి అంటే కొండలరావు భార్య. నాకు అప్పుడైనా అనుమానం రావాలి కదా? రాలేదు. గాలి నాకే ఎక్కువ పట్టింది.

శుక్రవారం పొద్దున్నే కొండలరావు పదిమందిని వెంటేసుకుని మా ఇంటికి వచ్చాడు.

"వలన్నా, సమితి టెంటు కావాల."

టెంటు అనగానే నా రక్తం ఉరకలెత్తుతుంది. సమితి టెంటు మా ఇంట్లోనే ఉంటుంది. నేనే బయటికి మోశాను. నేనే గుంజలు పాతాను. మా ఇంటి ముందే వేస్తున్నారేమిటని ఒక్క క్షణం అనిపించింది కానీ, నీడ కోసమేమో అనుకున్నాను.

"ఎవరి మీద తమ్ముడూ, నాగేంద్ర మీదనా?" అన్నాను తాడు బిగిస్తూ.

"నీ మీదనే అన్నా. ఆ చివర తాడు కొంచెం గట్టిగా లాగు, వదులుగా ఉండాది."

లాగాను. చేతులకు అలవాటైపోయింది, ఏం చేయను?

పేటంతా వచ్చి కూర్చుంది. నా ఆటోను టెంటు పక్కన పెట్టి దాని మైకే అందుకున్నారు. సమితి పనికి మైకు ఉచితమని ఎప్పుడో నేనే చెప్పాను కాబట్టి కాదనలేకపోయాను. "నీళ్లు వద్దన్న నాయకుడు మాకొద్దు!" అని కొండలరావు అరిచాడు. "నాగేంద్ర టీ తాగిన హజరత్ వలీ!" అన్నాడు. జనం నీరసంగా "డౌన్ డౌన్" అన్నారు. రెండు రోజులుగా నీళ్లు లేని గొంతులు, అలా ఈడ్చుకుంటూ అంటుంటే నినాదానికే అవమానం. నేను భరించలేకపోయాను. పిడికిలి ఎత్తి, "అట్ల కాదు, 'డౌన్' పొట్టలోంచి రావాల. హజరత్ వలీ! డౌన్ డౌన్!" అని చేసి చూపించాను. అప్పుడు అందుకున్నారు. నిజం చెప్పాలంటే అంత మంచి నినాదం మా పేటలో ఎప్పుడూ పలకలేదు.

పదకొండు గంటలకు ఎండ ఎక్కింది. జహరా గంగాళం నిండా మజ్జిగ చేసి, గ్లాసులతో బయటికి వచ్చింది. నాకు వ్యతిరేకంగా కూర్చున్న ఒక్కొక్కరికీ పేరు పేరునా పోసింది. "తాగు మల్లీ. తాగు కొండల్రావన్నా, గొంతు ఎండిపోయింటది, బాగ అరుస్తుండావు."

నేను దగ్గరికి పోయి గుసగుసగా అడిగాను. "నీళ్లు యాడివి?"

"మన డ్రమ్ములోయే."

"ఎన్ని పోసినావు?"

"ఉన్నకాడికి."

"ఉన్నకాడికంటే?"

"అడుగు కనపడేదాకా. ఆటోలో క్యాన్లు గూడ."

నేను లోపలికి పరుగెత్తాను. డ్రమ్ములోకి తల పెట్టి "జహరా!" అన్నాను. నా గొంతే నాకు తిరిగి వినిపించింది. అంత ఖాళీ.

ఈలోగా బయట కొండలరావు నాగేంద్రకు ఫోను చేసి మైకు దగ్గర పెట్టాడు. శనివారం పొద్దున్న ఏడు గంటలకు ట్యాంకరు రాకపోతే టెంటు నీ ఇంటి ముందు వేస్తాం అన్నాడు. "తెస్తా తమ్ముడూ, నేను శనివారమే తెస్తానంటే మీ వలన్నే వద్దన్నాడు!" అని నాగేంద్ర గొంతు పేటంతా మోగింది. ద్రోహీ. టీ పోసిన చేతితోనే పొడిచాడు.

అప్పుడు నేను మైకు అందుకున్నాను. తప్పు ఒప్పుకున్నాను. ఒప్పుకున్నవాడు ఒక చిన్న కోరిక కోరవచ్చు కదా?

"మిత్రులారా, శనివారం ఒక్కరోజుకు డ్రమ్ము పక్కన మనిషి ఉండాలనే రూలు ఆపుదాం. మా డ్రమ్ములు కొండలరావు పట్టిపెడతాడు."

"రూలు ఎవరు పెట్టినారన్నా?" అన్నాడు కొండలరావు, తియ్యగా.

"నేనే."

"ఎన్ని దినాలు కూచోని పెట్టినావు?"

"పదకొండు."

"అంత కష్టపడి నువ్వు పెట్టిన రూలు ఒక్కపూటలో మేము తీసేస్తే, రేపటి సంతానం మనల్ని క్షమిస్తదా?"

ఓటింగు పెట్టాం. రూలు ఆపాలనే వాళ్లు చేతులెత్తాలి. నేను ఒక చేయి ఎత్తాను. చుట్టూ చూసి రెండోది కూడా ఎత్తాను. జహరా మజ్జిగ గ్లాసులు ఏరుతోంది, ఎత్తలేదు.

జనం వెళ్లిపోయాక, వీలైనంత విచారం ముఖానికి పట్టించుకుని అన్నాను. "ఏం చేద్దాం జహరా. ఇంట్లో చుక్క లేదు. రేపు ట్యాంకరు వస్తది. డ్రమ్ము కాడ మనిషి ఉండాల. ప్రయాణం రద్దు."

"ఎవరికి రద్దు?"

"మనకు."

"రూల్లో ఒక మనిషే గదా ఉండాల్సింది? ఇంట్లో ఇద్దరముండాము. నువ్వు ఉండు. నేను పోతా."

"ఒక్కదానివే! ఆటో ఎవరు నడుపుతారు?"

ఆమె చేయి తుడుచుకుంది. "నువ్వు మూడు సభలు రొట్టెల కింద పెట్టినావు గదా. నేనూ కొన్ని ఏర్పాట్లు పెట్టుకున్నాలే."

శనివారం ఇంకా పూర్తిగా తెల్లారకముందే మా ఇంటి ముందు ఆటో చప్పుడైంది. డ్రైవరు సీటులో సుబ్బులక్క. ఊళ్లకు దాణా మూటలు వేసుకుని రోజూ ఆటో తోలే మనిషి, మా ఆటో ఆమెకు ఆటబొమ్మ. నేను అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచాను. డీజిలు ఆమెదని గుర్తొచ్చి మూశాను. వెనక సీటులో మల్లి, కొత్త చీర కట్టుకుని, తలలో కనకాంబరాలతో.

పక్కింట్లోంచి కొండలరావు నోట్లో పళ్లపుల్లతో, తువ్వాలుతో పరుగెత్తుకొచ్చాడు.

"మల్లీ! యాడికి?"

"సముద్రానికి."

"నాకు చెప్పనే లేదే!"

"నిన్నంతా మైకు నీ చేతిలోనే ఉండె. నాకు మాట్లాడేదానికి వీలు యాడిది?"

"మరి డ్రమ్ములు?"

"డ్రమ్ము కాడ ఇంటి మనిషి ఉండాలంట గదా. నిన్న నువ్వే గట్టిగ చెప్పినావు. నువ్వుండు."

కొండలరావు నన్ను చూశాడు. నేను కొండలరావును చూశాను. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి మా ఇద్దరి మధ్య ఐక్యత కుదిరింది.

"జహరా," అన్నాను నెమ్మదిగా, "మనిద్దరమే అన్నావు."

"అన్నా. మూడు ఊర్ల జనాన్ని పిలిచింది నువ్వు." కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచి సర్దుకుంది. "నువ్వుగూడ వస్తే బాగుండు" అంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. సుబ్బులక్క వెంటనే హారను కొట్టింది.

ఆటో మలుపు తిరిగింది. గేదె నవ్వుతూ నన్నే చూస్తూ పోయింది. మైకులోంచి సుబ్బులక్క గొంతు పొదిలి రోడ్డు దాకా వినిపించింది: "అక్కలారా, అన్నలారా, మీ గేదె అలిగిందా?"

ఏడు గంటలకు రావలసిన ట్యాంకరు ఏడుకు రాలేదు. పదికి రాలేదు. పేటలో మగవాళ్లందరం వరసగా డ్రమ్ముల పక్కన నిలబడ్డాం. ఎండ నెత్తికెక్కింది. నేను పక్కకు పోవాలని రెండడుగులు వేశాను.

"అన్నా, చెయ్యి అందల్లా," అన్నాడు కొండలరావు.

"అర్జంటు తమ్ముడూ."

"రూల్లో అర్జంటు అనే మాట లేదన్నా. నీకు తెల్సు గదా, రాసింది నువ్వే."

డ్రమ్మును వాటేసుకుని దొర్లించుకుంటూ గోడ చాటుకు పోయాను. ఒక నాయకుడి పతనం ఇంతకన్నా స్పష్టంగా ఎవరికీ కనిపించి ఉండదు.

నాలుగు గంటలకు ఫోను మోగింది. వీడియో కాల్. తెర మీద జహరా ముఖం. వెనక ఏదో బూడిద, నీలం కలిసి కదులుతోంది.

"చేరినారా?" అన్నాను.

హోరు వినిపించింది. ఆమె ఫోను సముద్రం వైపు తిప్పింది.

"అబ్బా!" అన్నాడు కొండలరావు నా భుజం మీది నుంచి. అవతలి డ్రమ్ములవాళ్లు కూడా తమ డ్రమ్ములు ఈడ్చుకుంటూ వచ్చి గుమిగూడారు. "ఎన్ని నీళ్లన్నా! దీనికి వంతు లేదా?"

"మోకాళ్ల దాకా దిగినామయ్యా," అంది జహరా. గొంతు పదిహేనేళ్ల పిల్ల గొంతులా ఉంది. "అల వస్తే మల్లి నన్ను తోసింది. నేను మల్లిని తోసినా. సుబ్బులక్క మాత్రం కిందపడి లేస్తనే లేదు, బాగుందంటాంది."

"అన్నం తిన్నారా?"

"చేపలు తిన్నాం. ఇక్కడి మీ సంఘమోళ్లే వేయించి పెట్టినారు. ప్లేట్లు లేకపోతే అందరం నీ కరపత్రాలలో పెట్టుకున్నాం. నూనె బాగ పీలుస్తుండాయి. ఇంక పదో పన్నెండో మిగిలినాయి."

నా జీవితంలో అచ్చు వేసిన కరపత్రాలన్నీ ఇలా ఖాళీ అవడం ఇదే మొదలు.

"మరి పొదిలి సభ?" అన్నాను, ఉండబట్టలేక.

"అయింది."

"ఎవరు మాట్లాడినారు?"

"నేనే. జనం కూచోనుంటే ఏం చెయ్యాల? మైకు పట్టుకోని చెప్పినా. మా ఆయన రాలేదు, మా పేటలో డ్రమ్ము పట్టుకోని ట్యాంకరు కోసం నిలబడినాడు, మేము ఇరవై రెండేండ్లకు సముద్రం చూసేదానికి పోతుండాము, ఇంతే చెప్పేది, టిఫిను పెడితే తిని పోతాం అన్నా."

"అంతేనా?"

"అంతే. చప్పట్లు కొడతనే ఉండారు. ఇడ్లీలు చల్లారిపోయినాయి."

నేను రెండేసి గంటలు మాట్లాడిన ఊరు అది. చప్పట్లు కాదు కదా, దగ్గు కూడా వినిపించేది కాదు.

సరిగ్గా అప్పుడే ట్యాంకరు వచ్చింది. నాగేంద్ర గొట్టం విసిరాడు. జనం తమ చోట్లకు పరుగెత్తారు. "ఇటు చూడు, ఇటు చూడు, పెద్ద అల వస్తుండాది!" అంటోంది జహరా. "అన్నా, గొట్టం పట్టు!" అంటున్నాడు కొండలరావు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో గొట్టం. నేను అల వైపు చూశాను. గొట్టం నా ముఖం వైపు చూసింది. కళ్లు తెరిచేసరికి ఒళ్లంతా తడిసింది, చేతిలో ఫోను లేదు. డ్రమ్ములోకి తొంగి చూశాను. నీళ్ల అడుగున, వెలుగుతూ, సముద్రం. అందులో మా ఆవిడ నవ్వుతూ చేయి ఊపుతోంది. రెండు క్షణాలు కనిపించి ఆరిపోయింది.

ఆదివారం సాయంత్రం వాళ్లు తిరిగి వచ్చారు. ముఖాలు కాలిపోయాయి, చీరల నిండా ఇసుక, గొంతులు పోయాయి. ఒంగోలు, వాడరేవు సభల్లో కూడా జహరాయే మాట్లాడిందట. అక్కడ మళ్లీ రమ్మన్నారట. వచ్చే నెల రెండో శనివారం సూర్యలంక పోతున్నారట. ఇవన్నీ నాకు చెప్పలేదు, మల్లితో చెప్తుంటే విన్నాను.

"ఆటోలో చోటు ఉందా?" అన్నాను, డ్రమ్ము తుడుస్తూ.

"ఒక్కటి ఉండాది," అంది జహరా. "కొండల్రావన్న గూడ అడిగినాడు. ఎవరింట్లో డ్రమ్ముకు మనిషి దొరికితే వాళ్లు వస్తారు."

కాబట్టి ఈ కాగితం చదివే పెద్దలందరికీ చెప్తున్నాను. మా పేటకు నీళ్లు ఇవ్వవలసిన వాళ్లు ఎవరైతే ఉన్నారో వాళ్లకే చెప్తున్నాను. నాగేంద్ర ట్యాంకరు ఏడు గంటలకు రావాలని నేను ఇక అడగను. డ్రమ్ముల రూలు మార్చమని కూడా అడగను, ఓటింగులో ఓడిపోయాను. పైపు వేయండి. మార్కాపురం దగ్గర ఆగిపోయిన ఆ పైపును మా పేట దాకా లాగండి. ఇంటి ముందు కుళాయి పెట్టండి. తిప్పితే నీళ్లు రావాలి, ఇంట్లో మనిషి ఉన్నా లేకపోయినా రావాలి. కాగితాలు కదలాలి, కమిటీ వేయాలి అనే కథలు నాకు చెప్పకండి. వచ్చే నెల రెండో శనివారం లోపల పని కావాలి. ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదు.

ఆ ఆటోలో ఆ ఒక్క చోటు నాకు కావాలి.